వెనక తెల్ల గుడ్డ

షట్టరు దించి సుద్దముక్కతో రాశాను,
ఒడియాలో ఒకసారి, తెలుగులో ఒకసారి:
నాలుగు రోజులు లేను.
బరంపురంలో స్టూడియో పెట్టిన ఇరవై ఆరేళ్ళలో
ఎవరినీ గడ్డం ఎత్తమనకుండా
ఒక ఉదయం గడవబోతోంది.

మహేంద్రగిరి మీద
మూడు గంటలు నిలబెట్టాను కొండని.
కాదులే, అదే నన్ను నిలబెట్టింది.
ముందూ మంచే, వెనకా మంచే.
ట్రైపాడ్‌కి కాళ్ళు మూడూ ఉన్నాయి,
నావి రెండూ కనబడటం లేదు.
స్టూడియో గోడకి మేకులు కొట్టి కట్టిన తెల్ల గుడ్డని
ఇంత పైకి ఎవరు మోసుకొచ్చారో!
రాతి గుడి అంచు ఒకటి తేలింది,
బటన్ నొక్కేలోగా కళ్ళు మూసేసింది.
పెళ్ళిళ్ళలో మేనమామలూ ఇంతే.

దారి చూపించే కుర్రాడు, ఇసాకు రైకా,
నిరుటి జీడిపిక్కలు కాల్చి దోసిట్లో పోశాడు.
"మా ఇంట్లో తాత ఫొటో లేదు బాబూ.
ఎలా ఉండేవాడంటే
అమ్మ నా ముక్కు చూపిస్తుంది."
ఆ ముక్కు తీశాను.
ముక్కు మీద లెన్సు ఆగిన ఆ ఒక్క క్షణంలోనే
వాడి వెనక మంచు విడిపోయి
కొండ మొత్తం నిలబడింది,
మసకగా,
తర్వాత ఇంటికొచ్చి చూసుకుంటేగాని నాకు తెలీలేదు.

లఖారీ అడవిలో వెలుతురు చిల్లర డబ్బులు.
ఏరుకునేలోగా ఆకు జరుగుతుంది.
ఏనుగు కోసం వెళ్ళాను.
వాగు ఒడ్డున దాని అడుగు దొరికింది,
ఊటనీళ్ళు నిండి, పళ్ళెమంత.
అందులో ఒక ముక్క ఆకాశం
దాని మీద నడుస్తూ ఒక నీటిపురుగు.
ఏనుగు ఎంత బరువుందో
ఆ పురుగుకి తెలుసు.

ఇంకా ఏం తీశానని అడిగితే, పచ్చ.
మూడొందల పచ్చలు.
నాచు పచ్చ, మామిడి పిందె పచ్చ,
తోమని రాగిచెంబు మీద చిలుము పచ్చ,
కల్లుకుండ వేలాడే జీలుగు చెట్టు నీడలో
నలుపని పొరబడ్డ పచ్చ.
కంప్యూటర్లో అన్నీ కలిసి
ఒకే పరికిణీ గుడ్డ అయిపోయాయి.

రుషికుల్య సముద్రంలో కలిసే చోట
రాత్రి తాబేళ్ళు ఒడ్డెక్కుతున్నాయన్నారు.
ఫ్లాష్ వద్దు, టార్చి వద్దు,
గార్డు నోటితో చెప్పలేదు, చెయ్యి అడ్డం పెట్టాడు.
మెడలో కెమెరా రాయిలా వేలాడుతుంటే
చీకట్లో కూచుని విన్నాను:
ఎవరో ఇసకని చేటతో చెరుగుతున్నారు,
ఆపి, ఊపిరి తీసుకుని,
మళ్ళీ చెరుగుతున్నారు.
అలాంటి చప్పుడు వందల చోట్ల.

తెల్లారాక పోలమ్మ వచ్చింది, గనగళ్ళ పోలమ్మ,
తలమీద ఖాళీ తట్ట.
"ఫొటోలబ్బాయివి నువ్వేనా?
పింఛనీకి కావాల. రెండుసార్లు తిప్పేసారు,
ఎనకమాల తెల్లగా నేదంట."

బోర్లించిన పడవ మీద కూచోబెట్టాను.
ఇద్దరు మనవలు చెరో పక్కా పంచె పట్టుకున్నారు.
గాలి దాన్ని పట్టుకోనివ్వదు.
గుడ్డ ఉబ్బుతుంది, లేస్తుంది, చుట్టుకుంటుంది,
పిల్లలు నవ్వుతారు, పోలమ్మ నవ్వదు,
నవ్వితే పింఛనీ ఇవ్వరని ఎవరు చెప్పారో.

"గడ్డం కొంచెం పైకి, అమ్మా."

వచ్చేసింది నోట్లోంచి.
నాలుగు రోజుల నుంచి దాచుకున్న మాట.
ఆమె ఎత్తింది,
నాకోసం కాదు, నా భుజం మీదుగా
ఎక్కడో లేస్తున్న అల ఎంతుందో చూడటానికి.

ఎనిమిది కాపీలు వేశాను.
పంచె లేచిన మూలలో సముద్రం పడింది,
గోరంత నీలం.
ఆఫీసువాళ్ళు ఒప్పుకోరని
ఏడింట్లో మౌసుతో తుడిచేశాను,
సముద్రాన్ని తుడవటం ఇంత సులువని తెలీదు.
బస్సు కండక్టరు చేతికిచ్చి పంపించాను.

ఎనిమిదోది పాడైందని పక్కన పెట్టాను.
సెలవులో నేను తీసిన సముద్రం అంతే.
గోరంత,
ఆమె ఎడమ చెవి పక్కన.